పాత గేర్ సైకిల్‌కు మోటారు కిట్: కొనే ముందు సైకిల్‌ను పరీక్షించండి

పిల్లలు ఇంటర్ చదివే రోజుల్లో కొన్న గేర్ సైకిల్ చాలామంది రైతుల ఇళ్లలో ఇప్పుడు గోడకు ఆనించే ఉంది. లావు టైర్లు, డిస్క్ బ్రేకులు, ముందు స్ప్రింగు ఫోర్కు ఉండే ఈ సైకిల్‌నే షాపులవాళ్లు ఎంటీబీ అంటారు. దానికి మోటారు, బ్యాటరీ ఉన్న కిట్ బిగిస్తే పొలానికి, పాల కేంద్రానికి, పక్క ఊరి సంతకు పెట్రోలు లేకుండా వెళ్లి రావచ్చు. ఓ మోస్తరు బ్యాటరీని పూర్తిగా చార్జి చేయడానికి అర యూనిట్ కరెంటు కూడా పట్టదు. ఆ చార్జింగ్‌తో సుమారు 20 కిలోమీటర్లు తిరగవచ్చు. అదే దూరానికి మోపెడ్ దాదాపు అర లీటరు పెట్రోలు తాగుతుంది.

అయితే కిట్ చేసే పని సైకిల్‌ను ముందుకు తోయడం ఒక్కటే. బండిని ఆపడం, బరువు మోయడం ఆ పాత సైకిలే చేయాలి. ప్రమాదాలు కూడా ఎక్కువగా అక్కడే జరుగుతాయి. మోటారు ఎన్ని వాట్లు, ఎంత వేగం అని ఆరా తీసే ముందు ఇంట్లో ఉన్న సైకిల్ దీనికి సరిపోతుందా అన్నది తేల్చుకోండి.

ఎవరికి పనికొస్తుంది?

ఇంటి నుంచి పొలం అయిదారు కిలోమీటర్ల లోపు ఉండి, రోజుకు ఒకటి రెండు సార్లు తిరిగేవారికి ఇది బాగా ఉపయోగపడుతుంది. మోకాళ్ల నొప్పులతో సైకిల్ మానేసినవారు కూడా మళ్లీ తొక్కగలుగుతారు. క్యారియర్ మీద 20 కిలోల వరకు బరువు, అంటే రెండు వైపులా వేలాడదీసిన పది లీటర్ల పాల క్యాన్లు, కూరగాయల సంచి, గడ్డి మోపు, చిన్న స్ప్రేయర్ వంటివి ఇబ్బంది లేకుండా తీసుకెళ్లవచ్చు.

యూరియా బస్తా మాత్రం వద్దు. ఇప్పటి బస్తా 45 కిలోలు, డీఏపీ అయితే 50. గేర్ సైకిళ్లకు తరువాత బిగించే అల్యూమినియం క్యారియర్లలో చాలావాటి మీద 25 కిలోలనే రాసి ఉంటుంది. అంత బరువును మోటారు లాగినా క్యారియర్ బోల్టు గతుకుల్లో తెగుతుంది, బస్తా వచ్చి వెనుక చక్రంలో పడుతుంది. రోజూ బస్తాలు మోసే అవసరం ఉంటే కిట్ డబ్బును దాచుకుని వేరే బండి చూసుకోవడమే మేలు.

ముందు సైకిల్ సంగతి

వెనుక సీటు కింద కూడా స్ప్రింగు ఉన్న సైకిల్ అయితే ఈ ఆలోచన మానుకోండి. తక్కువ ధర సైకిళ్లలో ఆ స్ప్రింగు అందం కోసమే ఉంటుంది. ఫ్రేము మధ్యలో బ్యాటరీకి చోటు ఉండదు, క్యారియర్ గట్టిగా నిలవదు, కీళ్ల దగ్గర బుష్‌లు అరిగి వెనుక చక్రం ఊగుతుంది. వెనుక స్ప్రింగు లేని, ఇనుప ఫ్రేము సైకిల్ అన్నింటికంటే అనుకూలం. అల్యూమినియం ఫ్రేము కూడా పనికొస్తుంది గానీ, ఇరుసు బిగింపులో ఎక్కువ జాగ్రత్త కావాలి. ఆ సంగతి కింద చెబుతాం.

ఫ్రేమును నీళ్లతో కడిగి, ఎండలో పెట్టి వెల్డింగు అతుకులన్నీ దగ్గరగా చూడండి. వెంట్రుకంత పగులు కనిపించినా, రంగు కింద తుప్పు గీతలా పాకినా కిట్ బిగించవద్దు. హ్యాండిల్ కింద బేరింగు వదులుగా ఉందా, పెడళ్ల ఇరుసు పక్కకు ఊగుతోందా అన్నది కూడా చూడాలి. ముందు బ్రేకు నొక్కి పట్టి సైకిల్‌ను ముందుకు వెనక్కి ఊపితే హ్యాండిల్ దగ్గర ఆట ఉంటే తెలిసిపోతుంది.

బ్రేకుల లెక్క ఒకటి గుర్తుంచుకోండి. వేగం రెట్టింపు అయితే బండిని ఆపడానికి బ్రేకు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లు అవుతుంది. తొక్కుకుంటూ గంటకు 12 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిల్ మోటారుతో 24 కిలోమీటర్లు వెళ్తుంది. మనిషి 65 కిలోలు, సైకిల్ 18, కిట్ 6, సరుకు 20 అనుకుంటే మొత్తం దాదాపు 110 కిలోలు అవుతుంది. ఆ బరువు పొలం గట్టు దిగి తారు రోడ్డు మీదికి వచ్చే చోట ఆగాలి. రెండు బ్రేకులూ పని చేయాలి. రబ్బర్లు లేదా డిస్క్ ప్యాడ్లు కొత్తవి వేయించండి, బ్రేకు వైర్లు, వాటి గొట్టాలు మార్చండి. ఈ ఖర్చును కిట్ ధరలో భాగంగానే లెక్కవేసుకోవాలి. పాత నల్ల సైకిల్‌కు ఉండే రాడ్ బ్రేకులు వానలో సరిగా పట్టవు. గట్టి బండే అయినా దానికి మోటారు బిగించడాన్ని మేం సిఫారసు చేయడం లేదు.

ఏ మోటారు?

బజారులో దొరికేవి ప్రధానంగా నాలుగు రకాలు. ముందు చక్రం మధ్యలో ఉండేది, వెనుక చక్రం మధ్యలో ఉండేది, ఫ్రేము పక్కన బిగించి వేరే చైనుతో వెనుక చక్రాన్ని తిప్పేది, పెడళ్ల దగ్గర బిగించి సైకిల్ చైనునే లాగేది.

పక్కన బిగించే చైను మోటారు చవక. విడి భాగాలు దొరుకుతాయి, ఎలక్ట్రికల్ పని తెలిసినవారు బాగు చేయగలరు. కానీ చప్పుడు ఎక్కువ, మట్టి దారిలో రెండో చైనులో దుమ్ము చేరి త్వరగా అరుగుతుంది, పంచె అంచో చీర కొంగో ఇరుక్కునే ప్రమాదం ఉంది. తీసుకుంటే పూర్తి చైను కవరు తప్పనిసరి.

ముందు చక్రం మోటారును బిగించడం చాలా తేలిక. చిక్కంతా ఫోర్కుతోనే. స్ప్రింగు ఫోర్కు కింది భాగం సాధారణంగా పోత పోసిన అల్యూమినియం లేదా మెగ్నీషియంతో చేసి ఉంటుంది. మోటారు ఇరుసు తిప్పే బలానికి ఆ గాడి పెళుసుగా విరగవచ్చు. ముందు చక్రం ఊడితే మనిషి నేరుగా ముఖం మీద పడతాడు. పైగా బురదలో, ఇసుకలో ముందు చక్రం జారితే నిలదొక్కుకోలేం.

పెడళ్ల దగ్గర బిగించే మోటారు గేర్లను వాడుకుంటుంది కాబట్టి ఎత్తు బాగా ఎక్కుతుంది. పాడేరు, అరకు వైపు ఘాట్ రోడ్లలో తిరిగేవారు దీని గురించి ఆలోచించవచ్చు. ధర ఎక్కువ, చైను, గేరు పళ్లు త్వరగా అరుగుతాయి.

మైదాన ప్రాంత రైతుకు వెనుక చక్రం మోటారే తగినది. అందులోనూ రెండు రకాలు ఉన్నాయి. లోపల చిన్న పళ్ల చక్రాలు ఉండేది రెండు మూడు కిలోల బరువుంటుంది, బ్యాటరీ అయిపోయినా మామూలు సైకిల్‌లా తొక్కవచ్చు. పళ్ల చక్రాలు లేనిది దానికి దాదాపు రెట్టింపు బరువు, కరెంటు లేకపోతే తొక్కడానికి బరువుగా ఉంటుంది. పొలం దగ్గర చార్జి అయిపోతే ఇంటి దాకా తొక్కాల్సింది మీరే కాబట్టి మొదటి రకమే అడగండి.

కొనేటప్పుడు మోటారు ఒక్కటే కాకుండా రిమ్ముతో సహా అల్లి ఉన్న చక్రాన్నే తీసుకోండి. మోటారు పెద్దదిగా ఉంటుంది కాబట్టి దానికి మామూలు కంటే పొట్టి చువ్వలు కావాలి, ఆ కొలతవి ఊరి సైకిల్ షాపులో దొరకవు. చక్రం కొలత టైరు పక్కన అచ్చేసి ఉంటుంది. 26, 27.5, 29 అంగుళాలు మూడూ చూడటానికి దగ్గరగానే ఉంటాయి, కానీ ఒకదాని టైరు మరోదానికి పట్టదు. వెనుక ఫోర్కు లోపలి వెడల్పు కొలిచి చెప్పండి. గేర్ సైకిళ్లకు సాధారణంగా 135 మిల్లీమీటర్లు ఉంటుంది. డిస్క్ బ్రేకు ఉంటే మోటారుకు డిస్క్ బిగించే ఆరు రంధ్రాలు ఉన్నాయో లేదో, గేరు పళ్ల సెట్టు మర మీద ఎక్కేదా కాదా అన్నవి కూడా అడగాలి. సైకిల్ వెనుక చక్రాన్ని రెండు వైపుల నుంచి ఫోటో తీసి అమ్మేవారికి పంపితే సగం తప్పులు అక్కడే తప్పుతాయి.

250 వాట్లు దాటితే

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే అది మోటారు వాహనం కిందికి రాదు. రిజిస్ట్రేషన్, లైసెన్సు అవసరం లేదు. ఇదే కిట్‌లో 500, 1000 వాట్లవి కూడా అమ్ముతారు, "ఎవరు చూస్తారండీ" అంటారు. పోలీసులు ఆపుతారన్నది ఇక్కడ చిన్న విషయం. ఆ హద్దు దాటితే అది రిజిస్ట్రేషన్ లేని, బీమా లేని మోటారు వాహనం అవుతుంది. రోడ్డు మీద ఎవరికైనా తగిలితే పరిహారం మీ జేబులోంచే పోవచ్చు. ఎకరం అమ్ముకునే పరిస్థితి కోసం వేగం పెంచుకోవడం దండగ.

250 వాట్లు చాలవేమో అన్న అనుమానం సహజం. లెక్క చూడండి. 110 కిలోల బండి 20 మీటర్లకు ఒక మీటరు ఎత్తు ఉండే దారిని గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే ఎత్తు ఎక్కడానికే సుమారు 180 వాట్లు కావాలి. మట్టి దారి రాపిడికి మరో 70 దాకా పోతుంది. మోటారు తీసుకున్న కరెంటంతా చక్రానికి చేరదు, కొంత వేడిగా పోతుంది. అంటే ఎత్తులో మీరు కాళ్లు కదపాల్సిందే. మామూలుగా తొక్కే మనిషి 50 నుంచి 100 వాట్లు తేలిగ్గా ఇవ్వగలడు, ఆ సాయం ఉంటే సరిపోతుంది. తొక్కకుండా థ్రోటల్ ఒక్కటే తిప్పి చెరువు కట్ట ఎక్కిస్తే మోటారు నెమ్మదిగా తిరుగుతూ బాగా వేడెక్కుతుంది. లోపలి ప్లాస్టిక్ పళ్లు, వైర్ల పూత చెడిపోయేది అలాంటప్పుడే.

బ్యాటరీ ఎంతది తీసుకోవాలి?

కిట్ ఖర్చులో పెద్ద వాటా బ్యాటరీదే. అంకె చూసి మోసపోకుండా ఉండాలంటే వోల్టులను ఏహెచ్‌తో గుణించండి. 36 వోల్టులు, 7.5 ఏహెచ్ అయితే 270. అదే 36 వోల్టులు, 10 ఏహెచ్ అయితే 360. వచ్చిన అంకె వాట్ అవర్లు. మట్టి దారిలో కొంత బరువుతో, మీరూ తొక్కుతూ వెళ్తే కిలోమీటరుకు 15 వాట్ అవర్లు ఖర్చవుతాయని వేసుకోండి. 270కి 18 కిలోమీటర్లు, 360కి 24 వస్తాయి. ప్రతిసారీ పూర్తిగా ఖాళీ చేయకూడదు కాబట్టి 15, 20 కిలోమీటర్లే మీవి అనుకోవాలి. పొలం అయిదు కిలోమీటర్లుండి రోజుకు రెండుసార్లు తిరిగేవారికి 10 ఏహెచ్ కావాలి. ప్రకటనల్లో కనిపించే 40, 50 కిలోమీటర్లు సమతలమైన తారు రోడ్డు మీద, బరువు లేకుండా, బాగా తొక్కుతూ వెళ్తే వచ్చేవి.

పాత రకం సీసం బ్యాటరీలు చవకే. కానీ 36 వోల్టులకు 12 ఏహెచ్‌వి మూడు పెడితే దాదాపు 12 కిలోలు అవుతుంది. లిథియం బ్యాటరీ అయితే అంతే దూరానికి మూడు కిలోల లోపు. సైకిల్‌కు లిథియమే నయం. దాని మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16046 అన్న ప్రమాణం అంకె, తయారీదారు పేరు ఉన్నాయేమో చూడండి. ప్లాస్టిక్ కాగితం చుట్టి, పేరు లేకుండా అమ్మేవాటిలో పాత ల్యాప్‌టాప్ సెల్లులు ఏరి అతికించినవి కూడా ఉంటాయి. లోపల బీఎంఎస్ అనే రక్షణ సర్క్యూట్ లేని బ్యాటరీని ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. మిగతా చోట్ల పొదుపు చేసినా, ఇంట్లో పెట్టుకునే ఈ వస్తువు దగ్గర చేయకూడదు.

బిగించే క్రమం

పానాలు పట్టడం తెలిసినవారు సగం రోజులో బిగించుకోవచ్చు. తెలియకపోతే సైకిల్ మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి, కానీ కింది విషయాలు మీరే దగ్గరుండి చూడండి.

పని మొదలుపెట్టేటప్పుడు బ్యాటరీ కనెక్షన్ ఇవ్వకూడదు, అది చివరి పని. సైకిల్‌ను తలకిందులుగా నిలిపి పాత వెనుక చక్రం తీసి, గేరు పళ్ల సెట్టును, డిస్క్‌ను కొత్త చక్రానికి మార్చండి. మోటారు మీద తిరిగే దిశను చూపే బాణం ఉంటే అది ముందుకు తిరిగేలా ఉండాలి. చక్రాన్ని ఫోర్కులో కూర్చోబెట్టినప్పుడు ఇరుసు గాడి అడుగు దాకా పూర్తిగా దిగాలి. దిగకపోతే ఆకురాయితో గాడిని కొద్ది కొద్దిగా సరిచేయాలి. ఒకేసారి ఎక్కువ రాస్తే గాడి వదులై ఫ్రేమే పాడవుతుంది. ఇరుసు నుంచి బయటికి వచ్చే వైరు కింది వైపు చూడాలి. ఆ వైరు ఒక వంపు తిరిగి కిందికి జారి తరువాత పైకి వెళ్లేలా కట్టండి. వాన నీరు వైరు వెంట జారి ఆ వంపు దగ్గర కింద పడిపోతుంది, లేకపోతే ఇరుసు రంధ్రంలోకి పోతుంది.

అన్నింటికన్నా ముఖ్యమైనది టార్క్ ఆర్మ్. మోటారు చక్రాన్ని ముందుకు ఎంత బలంగా తోస్తుందో ఇరుసును వెనక్కి అంతే బలంగా తిప్పాలని చూస్తుంది. మామూలు సైకిల్ ఇరుసుకు ఈ బాధ లేదు, అందుకే ఆ గాడిని దీని కోసం తయారు చేయలేదు. నట్లు కాస్త వదులైతే ఇరుసు గాడిలో గిర్రున తిరుగుతుంది, గాడిని వెడల్పు చేస్తుంది, వైర్లను మెలిపెట్టి తెంపుతుంది, ఒక్కోసారి చక్రమే బయటికి వస్తుంది. టార్క్ ఆర్మ్ అంటే ఇరుసు చదును భాగానికి సరిగ్గా పట్టే రంధ్రం ఉన్న దళసరి ఉక్కు పట్టీ. దాని ఒక కొనను ఇరుసుకు తొడిగి, రెండో కొనను ఫ్రేము గొట్టానికి బిగిస్తారు. కొన్ని కిట్లలో ఇది రాదు, చిన్న కొక్కెం వాషర్లు మాత్రమే ఇస్తారు. విడిగా అడిగి కొనండి. అల్యూమినియం ఫ్రేము అయితే రెండు వైపులా వేయండి. తరువాత ఇరుసు నట్లను పొడవాటి పానాతో బలంగా బిగించాలి. నట్టు కొలత సాధారణంగా 18 లేదా 19. ఆ పానాను ఎప్పుడూ సైకిల్ సంచిలోనే ఉంచుకోండి.

బ్రేకు లివర్లను కిట్‌తో వచ్చినవాటితో మార్చాలి. బ్రేకు పట్టుకోగానే మోటారుకు కరెంటు ఆపే స్విచ్చి వాటిలో ఉంటుంది. పాత లివర్లు బాగానే ఉన్నాయని ఈ పని వదిలేసేవారు చాలామంది ఉన్నారు. థ్రోటల్ ఇరుక్కుపోయిన రోజు బండిని ఆపేది ఆ స్విచ్చే. థ్రోటల్ విషయంలో చేతి పిడి మొత్తం తిరిగేదానికంటే బొటనవేలితో నొక్కేది మంచిది. సరుకుతో ఉన్న సైకిల్‌ను గట్టు మీద నడిపించేటప్పుడు పిడిని పట్టుకుని తోస్తాం. తిరిగే పిడి అయితే చేయి తెలియకుండానే దాన్ని తిప్పుతుంది, సైకిల్ ఎగిరి కాలువలో పడుతుంది. సైకిల్ దిగగానే తాళం చెవి ఆపేయడం అలవాటు చేసుకోండి. వాకిట్లో నిలిపిన బండి థ్రోటల్‌తో పిల్లలు ఆడతారు.

పెడళ్ల ఇరుసు దగ్గర అయస్కాంతాలున్న చిన్న బిళ్ల, దాన్ని గుర్తించే సెన్సారు వస్తాయి. రెండింటి మధ్య దూరం రెండు మూడు మిల్లీమీటర్లకు మించకూడదు. బిళ్ల తిరగేసి వేస్తే ఎంత తొక్కినా మోటారు అందుకోదు. బిగించిన తరువాత మోటారు రాకపోతే ముందు చూడాల్సింది ఇదే.

బ్యాటరీని ఫ్రేము మధ్య త్రిభుజంలో, వీలైనంత కింద బిగించండి. వెనుక క్యారియర్ మీద పెడితే సరుకు చోటు పోతుంది, సైకిల్ వెనక్కి తూగుతుంది. కంట్రోలర్ డబ్బా వేడెక్కుతుంది కాబట్టి దాన్ని గుడ్డలో చుట్టకూడదు. గాలి తగిలేలా, వైర్లు కింది వైపు వచ్చేలా ఉంచండి. బాణం గుర్తులున్న గుండ్రటి కనెక్టర్లను బాణానికి బాణం ఎదురుగా పెట్టి నేరుగా నొక్కాలి, మెలితిప్పితే లోపలి సన్నని పిన్నులు వంగిపోతాయి. బ్యాటరీ తగిలించే ముందు ప్లస్, మైనస్ మీటరుతో చూసుకోండి, వైరు రంగులను నమ్మవద్దు. ఒక్కసారి తారుమారైతే కంట్రోలర్ పోతుంది. బ్యాటరీకి, కంట్రోలర్‌కు మధ్య 20 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి ఏ వైరూ లాగుకోవడం లేదని చూశాకే ప్లాస్టిక్ ట్యాగులు బిగించండి.

చక్రాన్ని గాలిలో ఉంచి థ్రోటల్ కొద్దిగా నొక్కి చూడండి. తిరుగుతుండగా ఒక్కో బ్రేకు లివర్ పట్టుకోండి, రెండింటిలో ఏది పట్టినా మోటారు ఆగాలి. తరువాత ఖాళీ రోడ్డు మీద, సరుకు లేకుండా ఒక కిలోమీటరు. మొదటి 50 కిలోమీటర్లు తిరిగాక ఇరుసు నట్లు, టార్క్ ఆర్మ్, చువ్వలు మళ్లీ బిగించాలి. కొత్త చక్రంలో చువ్వలు సర్దుకుని వదులవుతాయి. ఒకసారి బెండు తీయిస్తే ఆ తరువాత చాలాకాలం చూడనక్కర్లేదు.

ముళ్లు, బురద, వాన

తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు ఉన్న దారిలో పంక్చరు తప్పదు. మోటారు చక్రాన్ని ఊడదీయడం పెద్ద పని. మన షాపుల్లో చేసినట్టే చక్రం ఊడదీయకుండా టైరు ఒక పక్క తప్పించి ట్యూబు బయటికి లాగి అతుకు వేయించండి. ట్యూబే మార్చాల్సి వస్తే తప్ప నట్ల జోలికి పోవద్దు. ట్యూబుకూ టైరుకూ మధ్య వేసే రబ్బరు పట్టీ చవకైన రక్షణ. గాలి తగ్గకుండా చూసుకుంటే బ్యాటరీ కూడా కలిసొస్తుంది.

నల్లరేగడి భూముల వారికి వానాకాలం వేరే సమస్య ఉంది. బంక మట్టి మడ్‌గార్డులో నిండి చక్రాన్ని పట్టేస్తుంది. చక్రం కదలనప్పుడు థ్రోటల్ నొక్కి లాగించబోతే మోటారు, కంట్రోలర్ రెండూ కాలతాయి. దిగి మట్టి తీయాల్సిందే. వాగు దాటేటప్పుడు నీరు ఇరుసు దాకా వస్తుంటే తాళం ఆపి, బ్యాటరీ తీసి చేతిలో పట్టుకుని నడిపించండి. కడిగేటప్పుడు చెంబుతో నీళ్లు పోసి గుడ్డతో తుడవండి. మోటారు పంపు గొట్టంతో గానీ, సర్వీసింగు షాపు ప్రెషరుతో గానీ కొట్టించవద్దు. ఎరువు చల్లి వచ్చిన రోజు చేతులు కడిగాకే కనెక్టర్లు పట్టుకోండి. యూరియా, పొటాష్ పొడి తేమను పీల్చి రాగి పిన్నులను తినేస్తుంది.

రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లేవారు విడిగా చార్జి చేసుకునే ఎల్‌ఈడీ లైటు వాడాలి. మూడు సీసం బ్యాటరీలలో ఒకదాని నుంచి 12 వోల్టుల బల్బుకు వైరు లాగితే అదొక్కటే ముందు అరిగి మొత్తం సెట్టును చెడగొడుతుంది. వెనుక ఎర్ర రిఫ్లెక్టరు తప్పనిసరి. చప్పుడు లేని బండి కాబట్టి బెల్లు కూడా పని చేయాలి.

ఇంట్లో చార్జింగ్

కిట్‌తో వచ్చిన చార్జరే వాడాలి. సాధారణ 36 వోల్టుల లిథియం బ్యాటరీ 42 వోల్టుల దగ్గర నిండుతుంది, దాని చార్జరు అక్కడ ఆగేలా తయారవుతుంది. సీసం బ్యాటరీ చార్జరు, పక్కింటి స్కూటరు చార్జరు పిన్ను పట్టినా పనికిరావు. రెండు ఆంపియర్ల చార్జరుతో 10 ఏహెచ్ బ్యాటరీకి అయిదారు గంటలు పడుతుంది. ఆ సమయం మెలకువగా ఉండే వేళల్లో పడేలా చూసుకోండి. రాత్రి మంచం పక్కన పెట్టి పడుకోవడం, గడ్డివాము దగ్గర, పూరి పాకలో, పత్తి నిల్వ చేసిన గదిలో చార్జి చేయడం ప్రాణాల మీదికి తెస్తుంది. లిథియం బ్యాటరీ అంటుకుంటే క్షణాల్లో మంట ఎగుస్తుంది, విషపు పొగ వస్తుంది, ఆరినట్టు కనిపించి మళ్లీ రాజుకుంటుంది. సిమెంటు గచ్చు మీద, చుట్టూ నాలుగడుగుల దూరం ఏమీ లేని చోట, బయటికి వెళ్లే దారికి అడ్డం కాకుండా పెట్టండి. బ్యాటరీ ఉబ్బినా, తీపి వాసన లాంటిది వచ్చినా, చేయి పెట్టలేనంత వేడెక్కినా మెయిన్ ఆపి మనుషులంతా బయటికి రావాలి. బ్యాటరీని చేత్తో ఎత్తబోవద్దు. 101కు ఫోన్ చేయండి.

పొలంలో స్టార్టరు డబ్బా నుంచి చార్జి చేయాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అక్కడ ఉండేది త్రీఫేజు. రెండు ఫేజుల మధ్య తగిలిస్తే 400 వోల్టులు దాటి చార్జరు పేలిపోతుంది. ఒక ఫేజుకూ, భూమిలో పాతిన రాడ్డుకూ మధ్య బల్బు వెలిగించే అలవాటు కొన్ని చోట్ల ఉంది. అదే విధంగా చార్జరు పెడితే ఆ రాడ్డు, దాని చుట్టూ తడి నేల కరెంటు కొట్టే స్థితిలో ఉంటాయి. ఎంత అవసరమైనా ఆ పని చేయకండి. సోలార్ పలకను నేరుగా బ్యాటరీకి తగిలించడం కూడా కుదరదు, మధ్యలో ఆ వోల్టేజీకి తగిన కంట్రోలర్ ఉండాలి.

ఎండలో వచ్చిన వెంటనే చార్జి పెట్టకుండా ఒక గంట నీడలో చల్లారనివ్వండి. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల బయట ఎండే 45 డిగ్రీలకు చేరుతుంది, రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. సైకిల్ షెడ్డులో ఉన్నా బ్యాటరీని తాళం తీసి ఇంట్లో చల్లటి చోట పెట్టుకోండి. దొంగల భయం కూడా తగ్గుతుంది. పని లేని రోజుల్లో నెలకు పైగా వాడకపోతే పూర్తిగా నింపి గానీ, ఖాళీగా గానీ వదలకుండా సగం చార్జిలో ఉంచి, నెలకోసారి మీటరు చూసి తగ్గితే మళ్లీ సగానికి తేవాలి.